భారతదేశ విదేశీ మారక ద్రవ్య నిల్వలు

భారతదేశ విదేశీ మారక ద్రవ్య నిల్వలు అనగా అంతర్జాతీయ చెల్లింపుల నిమిత్తం భారతీయ రిజర్వ్ బ్యాంకు, కేంద్ర ప్రభుత్వాల అధీనంలో ఉండే విదేశీ కరెన్సీ ఆస్తులు, బంగారం, అంతర్జాతీయ ద్రవ్య నిధి వద్ద గల హక్కుల మొత్తం. వీటిని సాధారణంగా అమెరికా డాలర్లలో లెక్కించి ప్రకటిస్తారు. దేశం దిగుమతి చేసుకొనే ముడిచమురుకు, ఎరువులకు, యంత్రాలకు, విదేశీ అప్పులపై వడ్డీకి రూపాయలలో చెల్లించడం చాలా సందర్భాలలో సాధ్యం కాదు. అవసరమైన విదేశీ ద్రవ్యం మార్కెట్లో దొరకని పరిస్థితి ఏర్పడినప్పుడు దేశాన్ని ఆదుకొనేవి ఈ నిల్వలే.

1991 ప్రారంభంలో ఈ నిల్వలు సుమారు 120 కోట్ల డాలర్లకు పడిపోయాయి. అది మూడు వారాల దిగుమతులకు కూడా కష్టంగా సరిపోయే మొత్తం. ఆ సంవత్సరమే బంగారాన్ని విదేశాలలో కుదువ పెట్టవలసి వచ్చింది. 2024 సెప్టెంబరు 27 నాటికి నిల్వలు మొదటిసారిగా 70,000 కోట్ల డాలర్లను దాటి 70,488 కోట్ల డాలర్లకు చేరాయి. ఈ రెండు తేదీల మధ్య జరిగిన మార్పు భారత ఆర్థిక చరిత్రలో ముఖ్యమైన అధ్యాయం. అయితే ఈ నిల్వలు ప్రభుత్వం ఇష్టానుసారం ఖర్చు చేయదగిన మిగులు సంపద కావు. వీటిలో అధికభాగం విదేశీ పెట్టుబడుల రూపంలోను, అప్పుల రూపంలోను దేశంలోకి వచ్చిన ధనం. అందువలన వీటిని సంపాదన అనుటకన్నా ఆపదకు దాచుకొన్న బీమా అనుట సముచితం.

నిల్వలలోని అంశాలు

భారతదేశ నిల్వలలో నాలుగు అంశాలు ఉన్నాయి.

* విదేశీ కరెన్సీ ఆస్తులు: నిల్వలలో అతిపెద్ద భాగం ఇదే. డాలరు, యూరో, పౌండు, యెన్ వంటి ప్రధాన కరెన్సీలలో ఈ ఆస్తులు ఉంటాయి. వీటిని విదేశీ ప్రభుత్వాల ఋణపత్రాలలోను, ఇతర దేశాల కేంద్ర బ్యాంకులలోను, అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకులోను, విదేశీ వాణిజ్య బ్యాంకులలోను ఉంచుతారు. ఏ కరెన్సీలో ఎంత ఉన్నదో రిజర్వ్ బ్యాంకు వెల్లడించదు.
* బంగారం: రిజర్వ్ బ్యాంకుకు చెందిన బంగారం. 2025 మార్చి చివరి నాటికి ఇది 879.59 టన్నులు.
* ప్రత్యేక డ్రాయింగ్ హక్కులు (ఎస్.డి.ఆర్.): అంతర్జాతీయ ద్రవ్య నిధి 1969లో సృష్టించిన ఆస్తి. ఇది కరెన్సీ కాదు. సభ్యదేశాల కరెన్సీని పొందడానికి ఉపయోగపడే హక్కు. దీని విలువ డాలరు, యూరో, యువాన్, యెన్, పౌండుల సమూహంపై ఆధారపడుతుంది. యువాన్‌ను 2016 అక్టోబరులో ఈ సమూహంలో చేర్చారు. కోవిడ్ సమయంలో, 2021 ఆగస్టులో జరిగిన పంపిణీలో భారతదేశానికి 1,257 కోట్ల ఎస్.డి.ఆర్.లు లభించాయి.
* ద్రవ్య నిధిలో రిజర్వు వాటా: సభ్యత్వ కోటా క్రింద ద్రవ్య నిధికి చెల్లించిన మొత్తంలో, షరతులు లేకుండా తిరిగి తీసుకోగల భాగం.

నిల్వలు ఏర్పడే విధానం

ఎగుమతిదారు సరుకు అమ్మి డాలర్లు పొందుతాడు. విదేశాలలో పనిచేసే భారతీయుడు కుటుంబానికి డబ్బు పంపుతాడు. విదేశీ మదుపరులు ఇక్కడి కంపెనీల వాటాలు కొంటారు. ఈ డాలర్లు మొదట వాణిజ్య బ్యాంకులకు చేరుతాయి. దిగుమతిదారులు, అప్పులు తీర్చే కంపెనీలు అవే బ్యాంకుల నుండి డాలర్లను కొంటారు. వచ్చే డాలర్లు పోయే డాలర్ల కన్నా ఎక్కువైతే రూపాయి విలువ పెరుగుతుంది. ఆ పెరుగుదల వేగాన్ని తగ్గించదలచినప్పుడు రిజర్వ్ బ్యాంకు మార్కెట్లో డాలర్లను కొని, బదులుగా రూపాయలను విడుదల చేస్తుంది. ఆ విధంగా కొన్న డాలర్లే నిల్వలలో చేరుతాయి. రూపాయి వేగంగా పడిపోతున్నప్పుడు ఇదే ప్రక్రియ తిరగబడుతుంది. అప్పుడు రిజర్వ్ బ్యాంకు డాలర్లను అమ్ముతుంది, నిల్వలు తగ్గుతాయి.

డాలర్ల కొనుగోలు వలన మార్కెట్లోకి వచ్చిన రూపాయలు ద్రవ్యోల్బణానికి దారితీసే అవకాశం ఉంది. కావున రిజర్వ్ బ్యాంకు ప్రభుత్వ ఋణపత్రాలను అమ్మి ఆ అదనపు రూపాయలను తిరిగి రాబడుతుంది. విదేశీ పెట్టుబడులు వెల్లువెత్తిన సమయంలో ఇందుకోసమే 2004 ఏప్రిల్‌లో మార్కెట్ స్థిరీకరణ పథకం ప్రారంభమైంది.

కొనుగోళ్ళు, అమ్మకాలు లేకపోయినా నిల్వల లెక్క మారుతుంది. యూరో, పౌండుల విలువ డాలరుతో పోలిస్తే పెరిగితే డాలర్లలో చెప్పే మొత్తం పెరుగుతుంది. బంగారం ధర పెరిగినా అంతే. అందువలన వారం వారం వెలువడే సంఖ్యలో వచ్చిన మార్పు మొత్తాన్ని దేశంలోకి వచ్చిన ధనంగాను, దేశం నుండి వెళ్ళిన ధనంగాను భావించరాదు.

చట్టం, నిర్వహణ

నిల్వల నిర్వహణకు ఆధారం 1934 నాటి భారతీయ రిజర్వ్ బ్యాంకు చట్టం. విదేశీ ఆస్తులను ఎక్కడ, ఏ రూపంలో ఉంచవచ్చునో ఈ చట్టం నిర్దేశిస్తుంది. భద్రత, ద్రవ్యత, రాబడి అనేవి నిర్వహణలో పాటించే మూడు సూత్రాలు. వీటిలో మొదటి రెండింటికే ప్రాధాన్యం. అవసరమైన రోజున వెంటనే నగదుగా మారని ఆస్తి ఎంత రాబడి ఇచ్చినా నిల్వగా పనికిరాదు.

రిజర్వ్ బ్యాంకు 1935 ఏప్రిల్ 1న పని ప్రారంభించినప్పుడు కరెన్సీ జారీకి దామాషా నిల్వల పద్ధతి అమలులో ఉండేది. జారీ విభాగపు ఆస్తులలో కనీసం 40 శాతం బంగారం, స్టెర్లింగ్ పత్రాల రూపంలో ఉండాలి. బంగారం విలువ 40 కోట్ల రూపాయలకు తగ్గరాదు. 1956లో ఈ పద్ధతి స్థానంలో కనీస నిల్వల పద్ధతి వచ్చింది. 1957 సవరణ ప్రకారం బంగారం, విదేశీ పత్రాలు కలిపి కనీసం 200 కోట్ల రూపాయలు ఉండాలి, అందులో బంగారం 115 కోట్ల రూపాయలకు తగ్గరాదు. అప్పటి నుండి చలామణిలోని నోట్ల పరిమాణానికీ బంగారం నిల్వకూ నేరుగా సంబంధం లేదు. రిజర్వ్ బ్యాంకులో ఉన్న బంగారం మేరకే నోట్లు ముద్రిస్తారనే అభిప్రాయం జనంలో ప్రచారంలో ఉన్నప్పటికీ అది సరికాదు.

నిల్వల వివరాలను రిజర్వ్ బ్యాంకు ప్రతి వారం ప్రకటిస్తుంది. నిర్వహణపై అర్ధ సంవత్సర నివేదికలను కూడా ప్రచురిస్తుంది.

చరిత్ర

స్టెర్లింగ్ నిల్వలు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ భారతదేశంలో పెద్ద ఎత్తున సరుకులు, సేవలు కొన్నది. వీటి ఖరీదును లండన్‌లో రిజర్వ్ బ్యాంకు ఖాతాలో పౌండ్లుగా జమచేసింది. ఆ జమను ఆధారం చేసుకొని ఇక్కడ రూపాయి నోట్లు జారీ అయ్యాయి. ధరలు తీవ్రంగా పెరిగాయి. యుద్ధం ముగిసే నాటికి స్టెర్లింగ్ నిల్వలు 1,700 కోట్ల రూపాయలు దాటాయి. బ్రిటన్‌కు ఋణపడి ఉన్న దేశం దానికే అప్పు ఇచ్చిన దేశంగా మారింది. కాని ఆ అప్పు భారతీయులు తమంత తాముగా ఇచ్చినది కాదు. కరువు కాటకాల నడుమ సామాన్య జనం వస్తువులు లేక, ధరలు భరించలేక దాని భారాన్ని మోశారు.

ఈ నిల్వలను స్వేచ్ఛగా వాడుకొనే వీలు వెంటనే లభించలేదు. 1944లో బ్రెట్టన్‌వుడ్స్ సమావేశంలో భారత ప్రతినిధి వర్గం ఈ విషయాన్ని లేవనెత్తినా ఆమోదం లభించలేదు. స్వాతంత్ర్యానంతరం బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాల ప్రకారం విడతలవారీగా ధనం విడుదలైంది. దేశ విభజనలో కొంత భాగం పాకిస్తాన్‌కు వెళ్ళింది.

ప్రణాళికల కాలం

1951 మార్చి నాటికి నిల్వల విలువ సుమారు 1,029 కోట్ల రూపాయలు. రెండవ పంచవర్ష ప్రణాళికలో భారీ పరిశ్రమల కొరకు యంత్రాల దిగుమతులు పెరగడంతో 1956-58 మధ్య నిల్వలు శీఘ్రంగా కరిగిపోయాయి. కనీస నిల్వల చట్ట సవరణలు ఆ ఒత్తిడిలో వచ్చినవే. 1956లో రిజర్వ్ బ్యాంకు బంగారం విలువను తులం 21 రూపాయల 24 పైసల లెక్క నుండి 62 రూపాయల 50 పైసల లెక్కకు పెంచారు. బంగారం పెరగలేదు. పుస్తకాలలో దాని విలువ మాత్రం సుమారు 40 కోట్ల నుండి 118 కోట్ల రూపాయలకు చేరింది. 1958లో ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో భారత సహాయ కూటమి ఏర్పడింది.

చైనా, పాకిస్తాన్ యుద్ధాల అనంతరం, వరుస కరువుల నేపథ్యంలో 1966 జూన్ 6న రూపాయి విలువను డాలరుకు 4.76 నుండి 7.50కి తగ్గించారు. విదేశీ మారకద్రవ్యాన్ని కఠినంగా నియంత్రించే ఫెరా చట్టం 1973లో వచ్చింది. 1970వ దశకం రెండవ సగంలో గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కార్మికులు పంపిన డబ్బుతో నిల్వలు కొంత మెరుగుపడ్డాయి.

1991 సంక్షోభం

1980వ దశకంలో ప్రభుత్వ వ్యయం ఆదాయాన్ని మించి పెరిగింది. విదేశీ అప్పులు, వాటిలోనూ స్వల్పకాలిక అప్పులు, ప్రవాస భారతీయుల డిపాజిట్లు పెరిగాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. చమురు ధరలు పెరిగాయి. కువైట్, ఇరాక్‌లలోని లక్ష మందికి పైగా భారతీయులను స్వదేశానికి తరలించవలసి వచ్చింది. వారు పంపే డబ్బు ఆగిపోయింది. అంతర్జాతీయ సంస్థలు భారతదేశ పరపతి స్థాయిని తగ్గించడంతో స్వల్పకాలిక అప్పులు దొరకడం కష్టమైంది. ప్రవాస భారతీయులు తమ డిపాజిట్లను వెనక్కి తీసుకోసాగారు.

1991 జనవరిలో ద్రవ్య నిధి నుండి సుమారు 180 కోట్ల డాలర్లు తీసుకొన్నా పరిస్థితి కుదుటపడలేదు. చంద్రశేఖర్ ప్రభుత్వం పూర్తి బడ్జెట్‌ను ప్రవేశపెట్టలేకపోయింది. ఏప్రిల్ నాటికి అనేక దిగుమతులకు ముందుగానే సరుకు విలువకు రెట్టింపు నగదు డిపాజిట్ చేయాలనే నిబంధన విధించారు. మార్చి చివరి నాటికి దేశపు స్వల్పకాలిక విదేశీ అప్పు మొత్తం నిల్వలలో 146.5 శాతం. అనగా అప్పులవారందరూ ఒకేసారి అడిగితే చెల్లించే శక్తి దేశానికి లేదు. విదేశీ అప్పు వాయిదాను ఎన్నడూ తప్పని దేశం మొదటిసారి తప్పే ప్రమాదం ఏర్పడింది.

ఈ స్థితిలో బంగారాన్ని రెండుసార్లు వినియోగించారు.

* మొదట, స్మగ్లర్ల నుండి జప్తు చేయగా ప్రభుత్వం వద్ద ఉన్న బంగారంలో 20 టన్నులను భారతీయ స్టేట్ బ్యాంకు ద్వారా, తిరిగి కొనే హక్కుతో, స్విట్జర్లాండ్‌కు చెందిన యూనియన్ బ్యాంకుకు అమ్మారు. దీనివలన సుమారు 20 కోట్ల డాలర్లు లభించాయి.
* 1991 జూలైలో రిజర్వ్ బ్యాంకు తన బంగారంలో 46.91 టన్నులను బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద కుదువ పెట్టి 40.5 కోట్ల డాలర్లు అప్పు తీసుకొన్నది. ఇందుకోసం బంగారాన్ని విమానాలలో లండన్‌కు తరలించారు.

ఇంటి బంగారం తాకట్టుకు వెళ్ళడమంటే భారతీయ కుటుంబంలో చివరి దశకు సంకేతం. కావున వార్త బయటపడగానే దేశంలో తీవ్రమైన ఆవేదన వ్యక్తమైంది. కాని లభించిన మొత్తం దేశ అవసరాలతో పోల్చితే స్వల్పమే. దేశం అప్పు ఎగవేయదని, అందుకు బంగారాన్ని కూడా వదులుకొంటుందని బయటి ప్రపంచానికి తెలియజేయడమే ఈ చర్య వలన కలిగిన ప్రధాన ప్రయోజనం.

1991 జూన్ 21న పి.వి.నరసింహారావు ప్రధానమంత్రిగా, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రిగా కొత్త ప్రభుత్వం ఏర్పడింది. జూలై 1, 3 తేదీలలో రెండు విడతలుగా రూపాయి విలువను తగ్గించారు. జూలై 24న ప్రవేశపెట్టిన బడ్జెట్‌తో, అదే రోజు ప్రకటించిన పారిశ్రామిక విధానంతో ఆర్థిక సంస్కరణలు ప్రారంభమయ్యాయి. కుదువ పెట్టిన బంగారాన్ని అదే సంవత్సరం నవంబరు నాటికి విడిపించారు. అయితే అది అప్పట్లో స్వదేశానికి తిరిగి రాలేదు. విదేశాలలోనే ఉంచారు.

సంస్కరణల తరువాత

సి.రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన చెల్లింపుల శేషంపై ఉన్నత స్థాయి సంఘం కొత్త విధానానికి బాట వేసింది. నిల్వలను దిగుమతులతోనే కాక, తీర్చవలసిన అప్పులతో కూడా పోల్చి చూడాలని, స్వల్పకాలిక అప్పులను అదుపులో ఉంచాలని ఈ సంఘం సూచించింది. 1993 మార్చి నుండి రూపాయి విలువ మార్కెట్‌పై ఆధారపడసాగింది. 1994 ఆగస్టులో కరెంటు ఖాతా లావాదేవీలకు రూపాయి మార్పిడి స్వేచ్ఛ లభించింది. ఫెరా స్థానంలో 1999లో చేసిన ఫెమా చట్టం 2000 జూన్ 1 నుండి అమలులోకి వచ్చింది.

నిల్వలు 2003 డిసెంబరులో 10,000 కోట్ల డాలర్లు, 2007 ఏప్రిల్‌లో 20,000 కోట్ల డాలర్లు, 2008 ఫిబ్రవరి చివరలో 30,000 కోట్ల డాలర్లు దాటాయి. ద్రవ్య నిధి వద్ద అప్పు తీసుకొన్న దేశం 2003లో ఆ సంస్థ ద్వారా ఇతర దేశాలకు ఋణం సమకూర్చే దేశాల సరసన చేరింది.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమాన్ బ్రదర్స్ సంస్థ పతనమైన తరువాత విదేశీ పెట్టుబడులు వెనుదిరిగాయి. 2008 మార్చిలో సుమారు 31,000 కోట్ల డాలర్లుగా ఉన్న నిల్వలు మరుసటి మార్చికి 25,200 కోట్ల డాలర్లకు తగ్గాయి. ఇందులో కొంత భాగం ఇతర కరెన్సీల విలువ పడిపోవడం వలన తగ్గినదే. నిల్వలు తగ్గినా 1991 నాటి పరిస్థితి పునరావృతం కాలేదు. 2013లో అమెరికా కేంద్ర బ్యాంకు తన ఋణపత్రాల కొనుగోళ్ళను తగ్గించనున్నదనే సూచనతో రూపాయి ఆగస్టులో డాలరుకు 68 దాటి పడిపోయింది. అప్పుడు ప్రవాస భారతీయుల విదేశీ కరెన్సీ డిపాజిట్లకు, బ్యాంకుల విదేశీ అప్పులకు ప్రత్యేక వెసులుబాటు కల్పించి 3,400 కోట్ల డాలర్లు సమీకరించారు.

కోవిడ్ కాలంలో దిగుమతులు తగ్గి, పెట్టుబడులు రావడంతో 2020 జూన్‌లో 50,000 కోట్లు, 2021 జూన్‌లో 60,000 కోట్ల డాలర్లు దాటాయి. ఉక్రెయిన్ యుద్ధం, అమెరికా వడ్డీ రేట్ల పెంపుదల మూలంగా 2022 అక్టోబరు నాటికి సుమారు 52,500 కోట్ల డాలర్లకు తగ్గి, తిరిగి కోలుకొని 2024లో 70,000 కోట్ల మైలురాయిని చేరాయి.

బంగారం నిల్వలు

1990 అక్టోబరు 16 వరకు రిజర్వ్ బ్యాంకు బంగారానికి పది గ్రాములకు 84.39 రూపాయల పాత ధరనే లెక్కించేవారు. మరునాటి నుండి అంతర్జాతీయ మార్కెట్ ధరకు దగ్గరగా లెక్కించసాగారు. అందువలన ఆ తేదీకి ముందు, తరువాతి సంవత్సరాల బంగారం విలువలను నేరుగా పోల్చడం తగదు.

2009 నవంబరులో భారతదేశం ద్రవ్య నిధి నుండి 200 టన్నుల బంగారాన్ని 670 కోట్ల డాలర్లకు కొన్నది. దీనితో మొత్తం 357.75 టన్నుల నుండి 557.75 టన్నులకు చేరింది. బంగారం కుదువ పెట్టిన పద్దెనిమిది సంవత్సరాల తరువాత జరిగినందున ఈ కొనుగోలు ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. 2018 నుండి రిజర్వ్ బ్యాంకు తిరిగి క్రమంగా బంగారం కొనసాగింది.

2022లో ఉక్రెయిన్ యుద్ధం కారణంగా రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 30,000 కోట్ల డాలర్ల ఆస్తులను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. పరాయి దేశంలో ఉంచిన నిల్వ ఎంతవరకు తమది అనే ప్రశ్న ఆ తరువాత అనేక దేశాలలో తలెత్తింది. భారతదేశం 2024లో సుమారు 100 టన్నుల బంగారాన్ని బ్రిటన్ నుండి స్వదేశానికి తెచ్చింది. 2024 మార్చిలో 408.31 టన్నులుగా ఉన్న దేశీయ నిల్వ 2025 మార్చికి 511.99 టన్నులకు పెరిగింది. మిగిలిన దానిలో 348.62 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్, అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకుల వద్ద, 18.98 టన్నులు బంగారు డిపాజిట్ల రూపంలో ఉన్నాయి.

నిల్వలు ఎంత ఉండాలి

నిల్వల చాలికను నిర్ణయించడానికి సర్వామోదమైన కొలత లేదు. సాధారణంగా ఈ క్రింది వాటిని పరిశీలిస్తారు.

* ఎన్ని నెలల దిగుమతులకు సరిపోతాయి. కనీసం మూడు నెలలకు సరిపోవాలన్నది పాత ప్రమాణం. 2025 మార్చి నాటి నిల్వలు సుమారు 11 నెలలకు సరిపోతాయి.
* ఒక సంవత్సరంలోగా తీర్చవలసిన విదేశీ అప్పుకు సరిపోతాయా. 1990వ దశకం చివర ఆసియా దేశాల సంక్షోభం తరువాత ఈ కొలతకు ప్రాధాన్యం పెరిగింది. 1991లో 146.5 శాతంగా ఉన్న స్వల్పకాలిక అప్పు నిష్పత్తి 2025 మార్చికి సుమారు 20 శాతం.
* విదేశీ మదుపరులు వాటాలు అమ్ముకొని ఒక్కసారిగా వెళ్ళిపోతే తట్టుకోగలవా.

వ్యయం, విమర్శలు

నిల్వలు ఉచితంగా లభించవు. విదేశీ ప్రభుత్వ ఋణపత్రాలపై వచ్చే వడ్డీ చాలా సంవత్సరాలు స్వల్పంగా ఉండేది. దేశంలో అదనపు రూపాయలను రాబట్టడానికి జారీచేసే పత్రాలపై అంతకన్నా ఎక్కువ వడ్డీ చెల్లించవలసి వచ్చేది. పేద దేశం ధనిక దేశాలకు చౌకగా అప్పు ఇస్తున్నదనే విమర్శకు ఇదే ఆధారం.

రోడ్లు, ఓడరేవులు, విద్యుత్కేంద్రాలకు నిల్వలను వాడాలనే సూచన 2004లో ప్రణాళికా సంఘం నుండి వచ్చింది. డాలర్లను దేశంలో ఖర్చు చేయాలంటే మళ్ళీ రూపాయలుగా మార్చాలి, దానితో ద్రవ్య సరఫరా పెరుగుతుంది అనేది దీనికి ప్రధాన అభ్యంతరం. మధ్యేమార్గంగా 2008లో లండన్‌లో ఒక ప్రభుత్వ అనుబంధ సంస్థను ఏర్పరచి, విదేశాల నుండి యంత్రాలు కొనడానికి నిల్వల నుండి 500 కోట్ల డాలర్ల వరకు అప్పు ఇచ్చే ఏర్పాటు చేశారు.

చైనాతో పోల్చినప్పుడు ఒక తేడా గమనించవలసి ఉంటుంది. చైనా నిల్వలు ప్రధానంగా ఎగుమతుల మిగులు నుండి వచ్చినవి. భారతదేశానికి 2001-04, 2020-21 వంటి కొన్ని సంవత్సరాలలో తప్ప కరెంటు ఖాతాలో లోటే ఉన్నది. కనుక భారత నిల్వలకు ఎదురుగా తిరిగి వెళ్ళే అవకాశం ఉన్న విదేశీ ధనం ఉన్నది. నిల్వలు పెద్దవిగా ఉండాలనే వాదనకు, వాటిని ఖర్చు చేయరాదనే వాదనకు కూడా ఈ వాస్తవమే మూలం.

తెలుగువారితో సంబంధం

సంక్షోభం నుండి దేశాన్ని బయటపడవేసిన ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి.వి.నరసింహారావు తెలంగాణకు చెందినవారు. కడప జిల్లాకు చెందిన యాగా వేణుగోపాలరెడ్డి 1991లో కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖలో పనిచేశారు. 1993 నాటి రంగరాజన్ సంఘానికి సభ్య కార్యదర్శిగా ఉన్నారు. 2003 సెప్టెంబరు నుండి 2008 సెప్టెంబరు వరకు రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా వ్యవహరించారు. నిల్వలు 10,000, 20,000, 30,000 కోట్ల డాలర్లు దాటినది వీరి కాలంలోనే. తరువాత గవర్నరు అయిన దువ్వూరి సుబ్బారావు ఏలూరులో జన్మించారు. వీరు పదవి చేపట్టిన పది రోజులకే లేమాన్ బ్రదర్స్ పతనమైంది. 2009 నాటి బంగారం కొనుగోలు వీరి హయాంలో జరిగింది.

వీరితో పాటు పేరు తెలియని వేలాది తెలుగువారి పాత్ర కూడా ఉంది. కరీంనగర్, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కార్మికులు, అమెరికాలో స్థిరపడిన ఉద్యోగులు ఇళ్ళకు పంపే డబ్బు దేశానికి వచ్చే విదేశీ మారకద్రవ్యంలో భాగం. అప్పులా తిరిగి చెల్లించనవసరం లేనిది, పెట్టుబడిలా వెనుదిరగనిది ఈ ధనమే.

ఇవి కూడా చూడండి

* భారతీయ రిజర్వ్ బ్యాంకు
* అంతర్జాతీయ ద్రవ్య నిధి
* చెల్లింపుల శేషం
* భారత ఆర్థిక సంస్కరణలు
* పి.వి.నరసింహారావు